తాత ఫొటోలోని డకోటా: యుద్ధకాలపు రవాణా విమానం మీది గుర్తులను చదివే పద్ధతి

కావలిలోని మా పాత ఇంట్లో, అవ్వ ట్రంకుపెట్టె అడుగున, చీరల మడతల్లో అరచేతికన్నా కొంచెం పెద్ద ఫొటో ఒకటి ఉండేది. అందులో ఆరుగురు మనుషులు వరసగా నిలబడి ఉంటారు. ఎడమనుంచి నాలుగో వ్యక్తి మా తాత. వాళ్ల వెనక ఫొటో అంచులు దాటి పోయేంత పెద్ద విమానం ఉంటుంది. తాత రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో, మణిపూర్ వైపు సరుకులు పంపే పనిలో ఉండేవాడని మాకు తెలుసు. అవ్వ మాత్రం దాన్ని ఎన్నడూ విమానం అనలేదు. "అది మీ తాత బియ్యం మూటలు ఎక్కించిన బండిరా" అనేది. ఆ బండి ఏ దేశానిది, ఏ దళానిది, ఏ సంవత్సరానిది అన్న ప్రశ్నలకు జవాబులు దాని ఒంటిమీదే రాసి ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో ఇలాంటి ఫొటోలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని చదవదలచినవారికోసం, నేను అనుసరించిన క్రమాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. రవాణా విమానానికి సాధారణంగా తుపాకులు ఉండవు, వేగం తక్కువ, అది ఎగిరేది నేలకు దగ్గరగా. దానికి శత్రువు వల్ల ఎంత ప్రమాదమో, కింద ఉన్న సొంత సైన్యం పొరపాటుగా కాల్చడం వల్లా అంతే ప్రమాదం. 1943 జులై 11 రాత్రి సిసిలీ మీదికి పారాట్రూపర్లను తీసుకువెళ్లిన 144 అమెరికన్ సీ-47 (డకోటా రకం) రవాణా విమానాల్లో 23 తిరిగి రాలేదు. వాటిపై కాల్పులు జరిపినవి ఎక్కువగా సొంత పక్షపు నౌకలు, సొంత పక్షపు విమాన విధ్వంసక తుపాకులే. కనుక విమానం మీది పెద్ద గుర్తులన్నీ ప్రధానంగా మిత్రుడి కంటికోసం వేసినవి. చిన్న అక్షరాలు, అంకెలు గుమాస్తా కోసం, మెకానిక్ కోసం రాసినవి. పెద్దవాటినుంచి చిన్నవాటికి వెళ్లడమే సరైన క్రమం. అంకెతో మొదలుపెట్టినవారు తరచు దారి తప్పుతారు.

మొదటి మెట్టు: ఫొటోను కాపాడి, స్కాన్ చేయడం

మన తీరప్రాంతపు ఉప్పుగాలికి, ఉక్కకు పాత ఫొటో అద్దానికి అంటుకుపోతుంది. అలా అంటుకున్నదాన్ని ఊడబెరకవద్దు. అద్దంతో పాటే స్కాన్ చేయించండి. 2021 నవంబరు పెన్నా వరదలో తడిసిన ఆల్బమ్‌లను చాలామంది ఎండలో ఆరబెట్టారు, దానితో కాగితం చుట్టుకుపోయి పైపొర పగిలింది. తడిసిన ఫొటోను బొమ్మ పైకి ఉండేలా నీడలో, దానిమీద ఏదీ ఆనకుండా ఆరనివ్వాలి. ఒకదానికొకటి అతుక్కున్నవాటిని శుభ్రమైన చల్లటి నీటిలో ఉంచి, అవే విడివడేదాకా ఓపిక పట్టాలి.

చిన్న ఫొటోకు 1200 డీపీఐ తక్కువ కాకుండా, ఏ మెరుగులూ దిద్దకుండా స్కాన్ చేయించి, టిఫ్ ఫైల్‌గా దాచుకోండి. ఫొటో వెనకవైపును కూడా స్కాన్ చేయడం మరవవద్దు; స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, సెన్సారు ముద్ర అక్కడే ఉంటాయి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా ఫొటోను పెద్దది చేయించడానికి ఒక స్టూడియోకు ఇస్తే, అక్కడి కుర్రాడు ఎంతో శ్రద్ధగా మరకలన్నీ తుడిచి, ముఖాలకు తెలుపు పెట్టి, తోక కింద ఉన్న మసక చుక్కలను కూడా మరకలే అనుకుని చెరిపేశాడు. ఆ మసక చుక్కలే విమానం నంబరు. అసలు ఫొటో మా దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది. ఫోన్‌లో ఫొటోను స్పష్టం చేస్తామనే యాప్‌లు అంతకన్నా ప్రమాదకరం. లేని అంకెను అవి తమంతట తామే గీసి చూపిస్తాయి, అది అసలు అంకెకన్నా అందంగా ఉంటుంది కూడా.

రెండో మెట్టు: బొమ్మ తిరగబడిందా, ఫిల్మ్ ఏ రకానిది

నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేయడం ఆ రోజుల్లో మామూలే. అక్షరాలు కనిపిస్తే సంగతి వెంటనే తెలుస్తుంది. అవి కనిపించకపోతే, డకోటా సరుకుల తలుపును చూడండి. ఆ పెద్ద రెండు రెక్కల తలుపు ఎప్పుడూ విమానానికి ఎడమవైపు, వెనక భాగంలో ఉంటుంది. అది కుడివైపున కనిపిస్తే ప్రింటు తిరగబడినట్టే. మనుషుల చొక్కా గుండీలు, జేబులు కూడా సాక్ష్యం చెబుతాయి.

ఫిల్మ్ సంగతి ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే నలుపు తెలుపు ఫొటోలో రంగులను ఊహించేటప్పుడే అందరూ పొరపడతారు. ఆ కాలంలో రెండు రకాల ఫిల్మ్‌లు వాడుకలో ఉండేవి. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు. కాబట్టి ఎరుపు దాదాపు నలుపుగా, పసుపు ముదురుగా, నీలం పాలిపోయి పడతాయి. పాంక్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగులనూ చూస్తుంది. దానిమీద ముదురు నీలం, ముదురు ఎరుపు ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడి, రెంటినీ వేరు చేయడం కష్టమవుతుంది. ఏ ఫిల్మో తెలుసుకోవడానికి ముందు మనుషుల్ని చూడండి. పెదవులు, చర్మం అసహజంగా నల్లబడి, ఆకాశం తెల్లటి కాగితంలా ఉంటే ఆర్థోక్రొమాటిక్ అని అనుమానించవచ్చు. దీన్ని తేల్చుకోకుండా జాతీయ చిహ్నం దగ్గరికి వెళ్లడం దండగ.

మూడో మెట్టు: ఏ విమానం

మన ఇళ్లలోని ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది డగ్లస్ సీ-47. బ్రిటిష్ వాయుసేన దానికి పెట్టిన పేరు డకోటా. రెక్కలు దేహం అడుగునుంచి బయల్దేరుతాయి. రెక్క ముందంచు వెనక్కి వాలి ఉంటుంది, వెనకంచు దాదాపు తిన్నగా ఉంటుంది. రెండు గుండ్రటి ఇంజన్లు, తోక కింద చిన్న చక్రం, పక్కన చతురస్రపు కిటికీల వరస ఉంటాయి. నేలమీద ఉన్నప్పుడు ముక్కు ఆకాశంవైపు ఎత్తి ఉంటుంది. రెక్కల చివరినుంచి చివరికి సుమారు 95 అడుగులు. దానికన్నా లావుగా, ఉబ్బిన పొట్టతో రెండు ఇంజన్లున్నది కర్టిస్ సీ-46 కమాండో. నాలుగు ఇంజన్లు, రెండు నిలువు తోకలు ఉంటే లిబరేటర్ బాంబరునుంచి మలచిన సీ-87 కావచ్చు. మూడు ఇంజన్లు, గీతలు గీతలుగా ముడతల రేకు ఒళ్లు ఉంటే అది జర్మనీ వారి యుంకర్స్ యూ-52. ఉత్తర ఆఫ్రికాలో భారత దళాలు పోరాడాయి కాబట్టి, కూలిపోయిన యుంకర్స్ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో మన జిల్లాలో కనిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అయితే ఆకారాన్ని బట్టి దేశాన్ని తేల్చకూడదు. యుద్ధానికి ముందే జపాన్ ఇదే డగ్లస్ డీసీ-3కి లైసెన్సు కొనుక్కుని తమ నౌకాదళం కోసం తయారుచేసుకుంది. మిత్రపక్షాలు ఆ విమానాన్ని టాబీ అని పిలిచేవి. సోవియట్ వారు కూడా అదే నమూనాను లీ-2 పేరుతో కట్టారు. బర్మా ఆకాశంలో రెండు పక్షాలూ ఒకే ముఖం ఉన్న విమానాన్ని ఎగరేసే పరిస్థితి ఉండేది. రంగు గుర్తుకు అంత విలువ వచ్చింది అందుకే.

నాలుగో మెట్టు: జాతీయ చిహ్నం

ఈ మెట్టు దగ్గర ఎక్కువ సమయం గడపండి. కాలం బయటపడేది ఇక్కడే.

అమెరికా గుర్తు ముదురు నీలపు గుండ్రంలో తెల్లటి నక్షత్రం. అది యుద్ధంలో ఎన్నోసార్లు మారింది, ప్రతి మార్పుకూ తేదీ ఉంది. నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క ఉంటే అది 1942 మే నెలకు ముందుది. జపాన్ సూర్యుడితో పొరపడుతున్నారని ఆ చుక్కను అప్పుడు తీసేశారు. 1943 జూన్ 29 నాటి ఉత్తర్వుతో గుండ్రానికి రెండువైపులా తెల్లటి పట్టీలు చేరాయి, మొత్తం గుర్తు చుట్టూ ఎర్రటి అంచు వచ్చింది. కొద్ది వారాలకే, అంటే ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, ఆ ఎర్ర అంచును కూడా నీలం చేయమన్నారు. 1947 జనవరిలో తెల్ల పట్టీల మధ్య ఎర్ర గీత వచ్చింది. అది కనిపిస్తే యుద్ధకాలపు ఫొటో కాదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఉత్తర్వు వచ్చిన రోజే ప్రతి విమానానికీ రంగు పడదు కదా. అస్సాం అడవుల్లోని ఎయిర్‌ఫీల్డ్‌కు డబ్బా, బ్రష్షు చేరడానికి సమయం పడుతుంది. అందువల్ల ఉత్తర్వు తేదీ ఫలానా గుర్తు అంతకుముందు ఉండదని మాత్రమే రుజువు చేస్తుంది. పాత గుర్తు ఆ తర్వాత కూడా కొంతకాలం నిలిచి ఉండవచ్చు.

బ్రిటిష్ వాయుసేన రౌండెల్, అంటే గుండ్రటి వలయాల గుర్తు, మనకు తెలిసినదే: బయట నీలం, నడుమ తెలుపు, మధ్యలో ఎరుపు. దేహం పక్కల దాని చుట్టూ పసుపు వలయం కూడా ఉండేది. ఆగ్నేయాసియా రంగంలో మాత్రం అది అలా మిగల్లేదు. జపాన్ విమానం మీద ఉండేది ఎర్రటి నిండు సూర్యుడు. చెట్ల సందునుంచి ఒక్క క్షణం కనిపించే విమానంలో కంటికి ముందు తగిలేది ఆ ఎరుపే. కాబట్టి భారత్, బర్మా రంగంలోని బ్రిటిష్ విమానాల మీద ఎరుపును పూర్తిగా తీసేసి, మొదట నీలం తెలుపు రౌండెల్‌గా, తర్వాత ముదురు నీలం మధ్యలో లేత నీలం ఉండే రౌండెల్‌గా మార్చారు. తోక మీది నిలువు పట్టీల గుర్తు కూడా అలాగే రెండు నీలాలకు తగ్గిపోయింది. ఆ కాలపు భారత వాయుసేన విమానాలు కూడా ఈ రెండు నీలాల గుర్తునే ధరించాయి.

ఇప్పుడు మీ భూతద్దాన్ని రౌండెల్ నడుమ పెట్టి చూడండి. మధ్యభాగం ముదురుగా ఉండి, దాని చుట్టూ తెల్ల వలయం, మళ్లీ ముదురు వలయం ఉంటే, మధ్యలో ఎరుపు ఉన్నట్టు. విమానం ఐరోపా, మధ్యధరా రంగానికి చెందినదో, యుద్ధం తర్వాతదో అవుతుంది. మధ్యభాగం లేతగా, ఒకే ముదురు వలయంతో ఉంటే అది మన బర్మా రంగపు రెండు నీలాల రౌండెల్ అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యభాగం బయటి వలయం కన్నా నల్లగా ఉంటే ఫిల్మ్ ఆర్థోక్రొమాటిక్ కావచ్చు, ఆ నలుపు ఎరుపే కావచ్చు. మా ఫొటోలో రౌండెల్ సగమే కనిపిస్తుంది, ఒకతని టోపీ మిగతా సగాన్ని కప్పేసింది. కనిపించిన సగంలో లోపలి భాగం పాలలా లేతగా ఉంది. ఆ ఒక్క లేత అర్ధచంద్రమే తాత ఉన్న చోటును మాకు నిర్ధారించింది. ఆస్ట్రేలియా వారు కూడా ఎరుపు తీసేసి నీలం తెలుపు రౌండెల్ వాడారు, కాని వారి డకోటాల సీరియల్, అంటే విమానం నంబరు, ఏ65 అని మొదలవుతుంది కాబట్టి వేరు చేయడం సులువు.

చిహ్నం ఎక్కడ ఉన్నదన్నది కూడా సాక్ష్యమే. అమెరికన్ విమానంలో రెక్కల పైభాగాన ఎడమ రెక్క మీద, కింది భాగాన కుడి రెక్క మీద మాత్రమే నక్షత్రం ఉంటుంది. బ్రిటిష్ విమానంలో రెండు రెక్కల మీదా రౌండెల్ ఉంటుంది. రెక్క ఒక్కటే కనిపించే ముక్క ఫొటోల్లో ఈ చిన్న సూత్రం ఎన్నోసార్లు పనికొచ్చింది.

ఒకే మైదానంలో రెండు దేశాల విమానాలు ఉంటే కంగారు పడవద్దు. 1944 మార్చి 29నుంచి జూన్ 22 దాకా ఇంఫాల్‌కు రోడ్డు తెగిపోయి, లోపలి సైన్యం ఆకాశమార్గం మీదే బతికిన రోజుల్లో బ్రిటిష్, అమెరికన్ రవాణా దళాలు ఉమ్మడి కమాండ్ కింద పనిచేశాయి. హిమాలయాల మీదుగా చైనాకు సరుకు చేరవేసే సీ-46లను కూడా కొంతకాలం ఇటు మళ్లించారు. కాబట్టి బియ్యం మూట ఎక్కించినవాడు కావలివాడైనా, బండి మీద అమెరికా నక్షత్రం ఉండవచ్చు. చైనా పౌర విమాన సంస్థ విమానాలు కూడా కలకత్తా దగ్గరి దమ్‌దమ్‌నుంచి, అస్సాంలోని దింజాన్‌నుంచి ఎగిరేవి. వాటిమీద మధ్య అని అర్థమిచ్చే చైనా లిపి అక్షరం గుండ్రంలో కనిపిస్తుంది. దాన్ని చూసి జపాన్ విమానం అనుకున్నవారిని నేను ఎరుగుదును.

ఒక కాలం మన వాళ్లను ప్రత్యేకంగా తికమక పెడుతుంది. 1947 ఆగస్టు తర్వాత భారత వాయుసేన విమానాల మీద తెల్లని నేపథ్యంలో నీలి అశోక చక్రం వచ్చింది. 1950 జనవరి 26నుంచి నేటి త్రివర్ణ రౌండెల్ వచ్చింది. ఆ అశోక చక్రం కనిపిస్తే అది బర్మా కాదు. 1947 అక్టోబరులో శ్రీనగర్‌కు సైన్యాన్ని చేర్చిన రోజులదో, 1948 మే నెలలో లేహ్‌లో మొదటి డకోటా దిగిన కాలానిదో అయి ఉండవచ్చు. యుద్ధంలో చేరి, తర్వాత కూడా సైన్యంలో కొనసాగినవారి ఇళ్లలో ఈ రెండు కాలాల ఫొటోలూ ఒకే కవరులో కలిసిపోయి ఉంటాయి.

అయిదో మెట్టు: చారలు, పట్టీలు

సిసిలీలో జరిగిన నష్టం మళ్లీ జరగకూడదనే 1944 జూన్ 6 నాటి నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాలకు నలుపు తెలుపు చారలు వేశారు. రెక్కల చుట్టూ, దేహం వెనక భాగం చుట్టూ మూడు తెల్ల చారలు, వాటి మధ్య రెండు నల్ల చారలు ఉంటాయి. రెండు ఇంజన్ల విమానానికి ఒక్కో చార వెడల్పు 24 అంగుళాలు, అంటే అయిదూ కలిపి 10 అడుగులు. ఒక్క ఇంజన్ విమానానికి 18 అంగుళాలు. రహస్యం బయటపడకూడదని ఆఖరి రెండు మూడు రోజుల్లోనే వేశారు కాబట్టి, అంచులు వంకరగా, బ్రష్షు జాడలతో ఉండటం నిజమైన ఫొటో లక్షణం. రూళ్లకర్రతో గీసినట్టున్న చారలు తరచు మ్యూజియం విమానానివి. నెల రోజుల తర్వాత పైభాగంలోనివి తుడిచేయడం మొదలై, 1944 చివరికి దాదాపు మాయమయ్యాయి. ఇవి ఐరోపా గుర్తులు. బర్మాలో తీసినదని చెప్పే ఫొటోలో ఇవి ఉంటే, ఆ మాటనైనా సందేహించాలి, ఐరోపానుంచి తర్వాత వచ్చిన విమానమేమోనైనా ఆలోచించాలి.

బర్మాలో కనిపించేది వేరొక చార. 1944 మార్చి 5 రాత్రి శత్రుపంక్తుల వెనక గ్లైడర్లను (ఇంజన్ లేని విమానాలను) దింపిన అమెరికన్ ఫస్ట్ ఎయిర్ కమాండో దళం తన విమానాల దేహం చుట్టూ ఏటవాలుగా అయిదు తెల్ల చారలు వేసుకుంది. అవి నిలువుగా కాక వాలుగా ఉంటాయి, మధ్యలో నలుపు ఉండదు.

జర్మన్ యుంకర్స్‌కు దేహం చుట్టూ ఒకే పట్టీ ఉంటుంది. తెలుపైతే మధ్యధరా రంగం, పసుపైతే రష్యా వైపు రంగం. నలుపు తెలుపు ఫొటోలో ఈ రెంటినీ వేరు చేయడానికి మళ్లీ రెండో మెట్టుకే వెళ్లాలి.

రెడ్‌క్రాస్ గురించి ఒక మాట. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం వైద్య విమానం తెల్లగా ఉండి, జాతీయ చిహ్నం పక్కనే ఎర్ర శిలువ ధరించాలి, దానిని వేరే పనికి వాడకూడదు. గాయపడినవారిని వెనక్కి తెచ్చిన డకోటాలు వెళ్లేటప్పుడు మందుగుండు, బియ్యం మోసుకెళ్లేవి కాబట్టి, వాటికి ఆ గుర్తు వేసుకునే హక్కు లేకపోయింది. స్ట్రెచర్లు ఎక్కిస్తున్న ఫొటోలో శిలువ లేకపోవడానికి కారణం ఇదే.

ఆరో మెట్టు: అక్షరాలు, అంకెలు

ఇప్పుడు తోకవైపు రండి. బ్రిటిష్ డకోటా మీద రెండు రకాల రాతలు ఉంటాయి. దేహం మీద పెద్దగా ఉండేవి దళం కోడ్ అక్షరాలు, విమానానికి సొంతమైన ఒక అక్షరం. బర్మా రంగంలో చాలాసార్లు ఆ ఒక్క అక్షరమే ఉంటుంది. తోకకు ముందు, చిన్నగా ఉండేది సీరియల్. రెండు అక్షరాలు, మూడు అంకెలు. దాని ఎత్తు 8 అంగుళాలు. పక్కన నిలబడిన మనిషి అయిదున్నర అడుగులవాడైతే అతని ఎత్తులో ఎనిమిదో వంతు. ఈ కొలతతో సీరియల్‌ను మిగతా రాతలనుంచి విడదీయవచ్చు.

ప్రతి విమానానికీ సీరియల్ ఒక్కటే, అది మారదు. దళం మారితే కోడ్ మారుతుంది. డకోటాల సీరియల్ వరసలు తెలిసి ఉంటే సగం చెరిగిన నంబరు కూడా పలుకుతుంది. ఎఫ్‌డీ 768నుంచి 967 వరకు, ఎఫ్‌ఎల్ 503నుంచి 652 వరకు, ఎఫ్‌జెడ్ 548నుంచి 698 వరకు, కేజీ 310నుంచి 809 వరకు ఉన్నవి ముందు వచ్చినవి. ఎఫ్‌డీలోని మొదటి కొన్నిటిని పక్కన పెడితే ఇవన్నీ డకోటా మూడో రకం, అంటే సీ-47ఏ. కేజే 801నుంచి 999, కేకే 100నుంచి 220, కేఎన్ 200నుంచి 701, కేపీ 208నుంచి 279 వరకు ఉన్నవి నాలుగో రకం, అంటే సీ-47బీ. ఉదాహరణకు కేజీ తర్వాత మొదటి అంకె 1 అని చదివారంటే, తప్పు చదివారని అర్థం. అలాంటి డకోటా లేదు. 3ను 8గా, 5ను 6గా చదవడం మామూలు పొరపాటు కాబట్టి, చూసిన వెంటనే ఒక్క అంకె రాసి ఊరుకోకుండా అయ్యే అవకాశమున్నవన్నీ కాగితం మీద పెట్టుకోండి.

అమెరికన్ విమానానికి నంబరు నిలువు తోక మీదే ఉంటుంది, అక్షరాలు ఉండవు. అసలు సీరియల్ 42-92847 అయితే, 4ను వదిలేసి తోకమీద 292847 అని రాస్తారు. మొదటి అంకె ఆర్థిక సంవత్సరపు చివరి అంకె. ఇది విమానం తయారైన ఏడాది కాదు, దానికి డబ్బు కేటాయించిన ఏడాది. పై నంబరు ఊహించి రాసింది కాదు. నార్మండీకి ప్రధాన పారాట్రూపర్ల వరసను నడిపించిన "దట్స్ ఆల్ బ్రదర్" అనే విమానానిది. 42 అని ఉన్నా, అది ఓక్లహోమా సిటీ కర్మాగారంలో 1944లో తయారైంది. నంబరు ముందు సున్నా, చిన్న అడ్డగీత కనిపిస్తే, విమానం పదేళ్లు దాటినదని అర్థం. ఆ పద్ధతి యుద్ధం తర్వాత వచ్చినది కాబట్టి ఫొటో కూడా యుద్ధం తర్వాతదే.

అమెరికన్ విమానాల్లో మరొక రాత ఉంది, దాన్ని చాలామంది చూడనే చూడరు. ముక్కుకు ఎడమవైపు, పైలట్ కిటికీ కింద, అంగుళం ఎత్తు అక్షరాల్లో మూడు నాలుగు వరసలు ఉంటాయి. విమానం రకం, పూర్తి సీరియల్, వాడవలసిన ఇంధనం అక్కడ ఉంటాయి. రకం చివర డీఎల్ అంటే లాంగ్ బీచ్ కర్మాగారం, డీకే అంటే ఓక్లహోమా సిటీ. పైలట్లు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్న ఫొటోలు ఉంటే, ముఖాలు చూసిన తర్వాత ఆ గడ్డం కింది చోటును కూడా పెద్దది చేసి చూడండి.

జర్మన్ యుంకర్స్ మీద శిలువకు ఎడమవైపు రెండు, కుడివైపు రెండు రాతలు ఉంటాయి. ఎడమ రెండూ దళానివి; కుడివైపు మొదటి అక్షరం విమానానిది, చివరిది దళంలోని ఉపదళానిది. 1జెడ్ అని మొదలైతే అది మొదటి ప్రత్యేక రవాణా దళం.

ముక్కు మీది బొమ్మలను మాత్రం ఆధారంగా కాక, తోడు సాక్ష్యంగా వాడండి. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల మైదానాలనుంచి హిమాలయాలు దాటి చైనాకు ఇంధనం మోసిన బీ-29 బాంబర్ల మీద, ప్రయాణానికొక ఒంటె బొమ్మ వేసేవారు. అది చూడముచ్చటగా ఉంటుంది, కాని విమానాన్ని తేల్చేది సీరియలే.

ఏడో మెట్టు: ఒంటిరంగు

అమెరికన్ సీ-47లు మొదట పైన ఆలివ్ ఆకుపచ్చ, కింద బూడిద రంగులో వచ్చేవి. 1944 మొదట్లోనుంచి కర్మాగారాలు రంగు వేయకుండా వెండిలా మెరిసే లోహంతోనే పంపడం మొదలుపెట్టాయి. మెరిసే ఒళ్లు, పట్టీలున్న కొత్త నక్షత్రం కలిసి కనిపిస్తే 1944 లేదా తర్వాతిదని సుమారుగా చెప్పవచ్చు. పాత విమానాలు ఆకుపచ్చలోనే చివరిదాకా ఎగిరాయి కాబట్టి, ఆకుపచ్చ ఉన్నంతమాత్రాన పాత ఫొటో అనుకోకూడదు.

ఎనిమిదో మెట్టు: రాసిన నంబరు, పుట్టిన నంబరు

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన పని. మ్యూజియంలో, విన్యాసాల్లో ఎగిరే పాత విమానం మీద తరచు మరొక ప్రసిద్ధ విమానపు నంబరు వేస్తారు. 2018లో భారత వాయుసేనకు చేరిన పరశురామ అనే డకోటా మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సిక్కు రెజిమెంట్ సైనికులను చేర్చిన డకోటాకు గౌరవంగా వేసిన నంబరు అది. ఆ విమానం నిజంగా పుట్టింది మాత్రం బ్రిటిష్ వాయుసేన కేఎన్ 397గా, తర్వాత పౌర విమానంగా జీ-ఏఎంఎస్‌వీ అనే రిజిస్ట్రేషన్‌తో ఇంగ్లండులో ఎగిరింది. నంబరు చూసి 1947 విమానమే కళ్లముందు ఉందని రాసేస్తే చరిత్ర తప్పుతుంది. అందుకే ఇంటి ఫొటో, మ్యూజియం ఫొటో ఒకే కట్టలో కలపవద్దు.

తొమ్మిదో మెట్టు: రాసుకోవడం, విచారించడం

చూసినదాన్ని ఒక పేజీలో మూడు వరసలుగా రాయండి: కంటికి స్పష్టంగా కనిపించినది, సగం కనిపించినది, ఇంట్లోవారు చెప్పినది. ఈ మూడింటినీ కలపకుండా ఉంచడమే అసలు శ్రద్ధ. తర్వాత సీరియల్ ఉంటే విచారణకు దారి ఉంది. బ్రిటిష్ దళాల రోజువారీ కార్యకలాపాల పుస్తకాలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 అనే వరసలో ఉన్నాయి. ఏ రోజు ఏ సీరియల్ ఎక్కడికి వెళ్లిందో వాటిలో రాసి ఉంటుంది. ఒక్కో విమానం ఏ దళానికి ఎప్పుడు చేరిందో చెప్పే కార్డులు బ్రిటిష్ వాయుసేన మ్యూజియంలో ఉన్నాయి. అమెరికన్ విమానాల కార్డులు అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్న చారిత్రక పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. రాసేటప్పుడు తాత సర్వీసు నంబరు, యూనిట్ పేరు కూడా జత చేయండి. డిశ్చార్జి పుస్తకం దొరికితే దాని ప్రతి పేజీ స్కాన్ చేయండి.

మా ఫొటోకు ఈ తొమ్మిది మెట్లూ ఎక్కిన తర్వాత పేజీ ఇలా ఉంది. విమానం డకోటా, ప్రింటు తిరగబడలేదు. రౌండెల్ మధ్యభాగం లేత రంగు, కాబట్టి బర్మా రంగం. చారలు లేవు, శిలువ లేదు, ఒళ్లు ముదురు రంగు. తోక ముందు సీరియల్‌లో కే, జీ, ఆపై 5 స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాతి రెండు అంకెల ముందు తాత ఎడమ భుజం ఉంది. అంటే కేజీ 500నుంచి 599 లోపు డకోటా మూడో రకం. మొత్తం వంద విమానాలు, వాటిలో భారత్‌కు వచ్చినవి ఏవో కార్డులు చూసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తున్నాను.